అలవోక అక్షరం

మడకశిరలో కొత్తగా అంగడి పెట్టే మనిషి బోర్డు ఆర్టిస్టు దగ్గరికి వచ్చి చెప్పే మాట ఒకటే: "అన్నా, కొంచెం స్టైల్‌గా రాయి." టీ అంగడి కావచ్చు, సెల్‌ఫోన్ రిపేరు కావచ్చు, ఎరువుల దుకాణం కావచ్చు. స్టైల్ అంటే అతని మనసులో ఉన్నది, కుంచెతో రెండు ఊపుల్లో అలవోకగా కొట్టేసినట్టుండే రాత. గీత మొదట్లో లావుగా ఉండాలి, చివర సన్నగా జారిపోవాలి. రాసినవాడు కష్టపడ్డట్టు ఎక్కడా తెలియకూడదు. ఇప్పుడు అదే మాట ఫ్లెక్సీ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికీ వినిపిస్తోంది. అతను ఫాంట్ల జాబితా తెరిచి, కుంచె రాతలా కనిపించేదేదో ఒకటి వెతికి పెట్టేస్తాడు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో అక్షరాల పాఠం ఎందుకని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఇంటర్వ్యూకు వెళ్లేవాడూ, వేదిక ఎక్కేవాడూ, అంగట్లో సరుకు అమ్మేవాడూ కోరుకునేది ఈ అలవోకతనమే. అది ఎలా తయారవుతుందో కుంచె అక్షరంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఇక రెండోది బతుకుతెరువు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మనదొకటి. వేరుశనగ చేతికి రాని ఏడు బెంగళూరు బస్సెక్కడం తప్ప దారి లేదనుకునే ఇళ్లలో, పెద్దగా పెట్టుబడి అడగని చేతిపని ఒకటి ఉంటే దాని విలువ వేరు.

ఈ అధ్యాయం చెప్పేది ఇంతే: అలవోకతనం ఆఖరి మెట్టు. తీరిగ్గా ఆలోచించినవాడికే వేగంగా గీసే హక్కు వస్తుంది. ఆ గీతను ఎక్కడ వాడకూడదో తెలిసినప్పుడే అది అందం.

వేగం వెనక ఉన్న లెక్క

1942లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ అనే సంస్థ కోసం రాబర్ట్ ఇ. స్మిత్ 'బ్రష్ స్క్రిప్ట్' అనే ఇంగ్లిష్ అక్షరాలను తయారుచేశాడు. అప్పట్లో అక్షరమంటే సీసపు దిమ్మె. ఏ దిమ్మెకు ఆ దిమ్మె విడిగా ఉంటుంది. అలాంటి దిమ్మెలను వరసగా పేర్చితే కుంచె ఆగకుండా సాగినట్టు కనిపించాలి. అంటే ప్రతి అక్షరం తోక సరిగ్గా దిమ్మె అంచు దగ్గర ఆగాలి, పక్క అక్షరం సరిగ్గా అదే ఎత్తులో మొదలవ్వాలి. 1953లో ఫ్రాన్స్‌లో రోజర్ ఎక్స్‌కొఫోన్ 'మిస్ట్రాల్' తెచ్చాడు. అది అతని సొంత చేతిరాతే. చూస్తే ఎవరో హడావుడిగా గీకేసినట్టుంటుంది. కానీ ఏ అక్షరం పక్కన ఏది వచ్చినా గీత తెగకుండా కలవాలి కాబట్టి, ఆ కలిసే చోట్లన్నీ ముందే లెక్కకట్టి పెట్టుకున్నాడు.

మన దగ్గర ఈ విద్యకు పెద్ద పేరు బాపు. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో చెన్నైలో కన్నుమూసిన ఆయన బొమ్మలెంత ప్రసిద్ధమో, రాత కూడా అంతే. పుస్తకాల అట్టల మీద, కథల శీర్షికల్లో, సినిమా టైటిళ్లలో ఆ అక్షరం కనబడగానే కింద సంతకం వెతక్కుండానే తెలుగువాళ్లు గుర్తుపట్టేవారు. తర్వాత ఆ చేతిరాత ఫాంటుగా మారి పెళ్లిపత్రికలకెక్కింది. ఈరోజు ఏ ఊళ్లో శుభలేఖ అచ్చేసినా అందులో ఆ పోలిక ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆ రాతను జాగ్రత్తగా చూడండి. గీతలో ఎంత వేగమున్నా అక్షరం గుండ్రదనం పోదు, తలకట్టు తన చోటు వదలదు. దశాబ్దాల పాటు రోజూ గీసిన చేతికి మాత్రమే ఆ నిలకడ వస్తుంది.

ఉత్తరాదిలో హనీఫ్ కురేషీ అనే డిజైనర్, వీధి పెయింటర్ల అక్షరాలు ఫ్లెక్సీల దెబ్బకు కనుమరుగవుతున్నాయని గమనించి, వాళ్ల చేతే అక్షరమాల రాయించి కంప్యూటర్ ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టాడు. ఆ ఫాంట్లకు పెయింటర్ల పేర్లే పెట్టాడు. 'పెయింటర్ కఫీల్' అలా వచ్చిందే. 2024లో ఆయన చనిపోయాడు. ఫ్లెక్సీ వచ్చి పని పోగొట్టుకున్న చేతికి కంప్యూటర్లో కూడా చోటుందని ఆయన చేసి చూపించాడు.

మొదటి సాధన: ఐదు అక్షరాలు

కావలసినవి: అంగుళం వెడల్పున్న చదును కుంచె ఒకటి, నల్ల పోస్టర్ కలర్ సీసా ఒకటి, పాత దినపత్రికలు ఓ కట్ట. పత్రికను అడ్డంగా తిప్పి పరిస్తే కాలమ్‌ల మధ్య ఖాళీలే గీతలు గీసిన కాగితంలా పనికొస్తాయి. ఎనామిల్ పెయింటు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అది ఆరడానికి గంటలు పడుతుంది, తప్పు దిద్దడానికి టర్పెంటైన్ కావాలి.

రాయాల్సిన మాట 'మడకశిర'. ఊరి మీద అభిమానంతో చెప్పడం లేదు. నేర్చుకునే చేతికి ఇంత మంచి మాట అరుదుగా దొరుకుతుంది. ఒక్క వత్తు లేదు, ఒక్క దీర్ఘం లేదు. మ, డ, క, ర అనే నాలుగింటికీ తలకట్టుంది. శ మీద మాత్రం తలకట్టు పోయి గుడి వచ్చింది. అంటే మూడు తలకట్లు, ఒక గుడి, మళ్లీ ఒక తలకట్టు. ఈ మాటకు నడక ఇచ్చేది అదే.

మొదట కుంచె రంగులో ముంచి, సీసా అంచుకు రెండు వైపులా ఒత్తి, మొన చదునుగా చేసుకోండి. ఇప్పుడు అక్షరాలు వదిలేసి తలకట్లు మాత్రమే రాయండి. ఎడమ నుంచి చిన్నగా కిందికి దిగి, ఒత్తిడి తగ్గిస్తూ కుడివైపు పైకి లేవాలి. ఒక పేజీ నిండా అవే. అన్నింటి వాలు ఒకటిగా ఉండాలి, పొడవు మాత్రం అటూఇటూ కావచ్చు. కుంచె రాతలో సరదా కనిపించేది ఇక్కడే. గుండ్రాలు కాస్త వంకరపోయినా తలకట్లన్నీ ఒకే వాలులో ఉంటే మాట మొత్తం ఒక చేతి రాతలా నిలబడుతుంది. తలకట్లు తలోదిక్కుకు చూస్తే, ఎంత అందమైన గుండ్రాలు గీసినా పిల్లల పలకలా ఉంటుంది.

ఆ తర్వాత గుండ్రాలు. మోచేతి నుంచి కదలాలి, వేళ్లతో కాదు. వేళ్లతో గీసిన సున్న బలపంతో గీసినట్టుంటుంది. చెయ్యి మొత్తం కదిలితే గీతకు ఊపు వస్తుంది. శ లోపలి ఖాళీని ప్రత్యేకంగా చూడండి. కుంచె లావుగా ఉంటే అది మూసుకుపోయి నల్లటి ముద్ద అవుతుంది. లోపలి ఖాళీలు బతికుంటేనే అక్షరం బతుకుతుంది.

రెండో సాధన: పక్క ఊళ్లు

మడకశిర చేతికి వచ్చాక చుట్టుపక్కల పేర్లు తీసుకోండి. ఒక్కో పేరు ఒక్కో పాఠం.

అగళి: మూడక్షరాలే. అ కు తలకట్టు లేదు, గ కు ఉంది, చివర ళి గుడి పైకి లేస్తుంది. మాట చివర ఊపుగా ముగించడం దీనితో నేర్చుకోవచ్చు.

గుడిబండ: కొమ్ము, గుడి, సున్న అన్నీ ఉన్నాయి. తలకట్టు లేని బ మధ్యలో వచ్చి వరస తప్పిస్తుంది. ఆ ఖాళీని సున్నతో సర్దాలి.

అమరాపురం: పొడుగు మాట. బోర్డు చాలక చివరి రెండు అక్షరాలు ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. ముందు సుద్దతో మొత్తం గుర్తు పెట్టుకోవడం అలవాటు చేసేది ఇలాంటి పేరే.

రొళ్ల: ఒత్వం పైన, ల వత్తు కింద. రెండే అక్షరాలకు మూడు అంతస్తులు.

రత్నగిరి, హేమావతి, నీలకంఠాపురం: త్న లో న వత్తు, ఏత్వం, ఠ లోపలి చుక్క. లావు కుంచెతో ఆ చుక్క నిలబెట్టగలిగితే మీ చెయ్యి కుదిరినట్టే.

ఇక పరీక్షకు 'శ్రీ సత్యసాయి జిల్లా' రాయండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చాక ఇక్కడి బోర్డుల మీద 'అనంతపురం జిల్లా' పోయి ఈ మూడు మాటలు వచ్చి చేరాయి. శ్రీలో క్రారవడి ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది, పైన గుడిదీర్ఘం ఉంది. త్య లో వత్తు కుడివైపు కిందికి జారుతుంది. ల్లా లో వత్తూ దీర్ఘమూ రెండూ ఉన్నాయి. ఇది రాయగలిగినవాడు తెలుగులో దేన్నయినా రాయగలడు.

ఇక్కడొక లెక్క గుర్తుంచుకోండి. అక్షరం ఒళ్లు మూడు పాళ్లనుకుంటే పైన గుడి కోసం ఒక పాలు, కింద వత్తు కోసం రెండు పాళ్లు వదలండి. కొత్తవాళ్లు బోర్డు మధ్యలో గీత కొట్టి దాని మీద రాసేస్తారు. వత్తు వచ్చేసరికి కింద చోటు ఉండదు. అప్పుడు ఆ వత్తును చీమంత చేసి ఇరికిస్తారు. దూరం నుంచి చూస్తే 'రొళ్ల' కాస్తా 'రొళ' అయిపోతుంది.

రెండు లిపుల ఊరు

మడకశిర వీధుల్లో నడిస్తే తెలుగు ఎంత వినిపిస్తుందో కన్నడం కూడా అంతే వినిపిస్తుంది. కర్ణాటకలోని పావగడ, శిర, మధుగిరి ఇక్కడికి దగ్గర. అంగడి బోర్డు మీద రెండు లిపులూ కావాలని అడిగే గిరాకీ ఉంటాడు. రెండూ ఒకే పాత లిపి నుంచి విడిపోయిన తోబుట్టువులు కాబట్టి ఆర్టిస్టుకు సగం పని తేలిక. మ, డ, న, ర లాంటివి దాదాపు ఒకే చేతి కదలికతో వస్తాయి. క, త, శ, హ దగ్గర దారులు వేరవుతాయి. అసలు తేడా తలమీద ఉంది. తెలుగు తలకట్టు కుడివైపు పైకి ఎగురుతుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి చివర మెలిక తిరుగుతుంది. అందుకే ఒకే కుంచెతో, ఒకే లావుతో రాసినా తెలుగు పైకి లేచినట్టూ, కన్నడం నేలబారుగా సాగినట్టూ కనిపిస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టేటప్పుడు కన్నడ వరసకు అడ్డంలో కాస్త ఎక్కువ చోటివ్వండి.

కంప్యూటర్లో చేసేవాళ్లకు దీనికి మంచి జోడీ ఉంది. ముంబైకి చెందిన ఎక్ టైప్ బృందం తయారుచేసిన బలూ కుటుంబంలో తెలుగుకు 'బలూ తమ్ముడు', కన్నడానికి 'బలూ తమ్మ' ఉన్నాయి. అచ్చంగా కుంచె రాత కాకపోయినా లావుగా, గుండ్రంగా, సరదాగా ఉంటాయి. రెండు లిపుల్లోనూ గీత లావు ఒకటే కాబట్టి బోర్డు మీద ఒక భాష పెద్దదిగా, ఇంకోటి చిన్నబోయినట్టుగా అనిపించదు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

కుంచె అక్షరం సంగటి పక్కన ఊరుబిండి లాంటిది. పళ్లెం నిండా అదే వడ్డిస్తే రుచి సంగతి అటుంచి, ముద్ద దిగదు. అంగడి పేరు కుంచె రాతలో ఉండాలి. కింద 'ఇక్కడ అన్ని కంపెనీల ఫోన్లు రిపేరు చేయబడును' అన్నది నిటారుగా, సాదాగా ఉండాలి. ఫోన్ నంబరు మరీ సాదాగా ఉండాలి. ఒక్క అంకె తప్పు చదివితే గిరాకీ పోయినట్టే.

పెళ్లిపత్రికలో వధూవరుల పేర్లకు కుంచె రాత బాగుంటుంది, ముహూర్తానికి వద్దు. జాతర కరపత్రంలో దేవుడి పేరుకు సరే, కార్యక్రమాల పట్టికకు కాదు. మందుల షాపు, ఆస్పత్రి, బ్యాంకు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, వీటి దగ్గర సరదా రాతకు పనే లేదు. మూడు నాలుగు మాటలు దాటితే కుంచె ఫాంటు పక్కన పెట్టేయండి.

దూరం విషయంలో బోర్డు పనివాళ్లు వాడే లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. రోడ్డు అవతల యాభై అడుగుల నుంచి చదవాలంటే ఐదు అంగుళాలు. తెలుగులో మెలికలు ఎక్కువ, పైగా కుంచె లావు, కాబట్టి ఇంకో అంగుళం, రెండంగుళాలు కలపండి. కొన్ని జతలను ప్రత్యేకంగా పరీక్షించండి. వేగంగా రాసినప్పుడు మ, య ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. ధ కింది ఒత్తు మాయమైతే 'ధనలక్ష్మి' 'దనలక్ష్మి' అవుతుంది. యజమాని ఊరుకున్నా ఆ ఇంటి పెద్దావిడ ఊరుకోదు.

స్టైల్‌గా రాయమన్నవాణ్ణి ముందు మూడు ప్రశ్నలు అడగండి. "బోర్డు ఎంత దూరం నుంచి కనపడల్ల? చదివేవాళ్లు నడిచిపోతా చదువుతారా, బండి మీద పోతా చదువుతారా? బోర్డు మీద అన్నిటికంటే ముఖ్యమైన మాట ఏది?" మూడో ప్రశ్నకు జవాబుగా వచ్చిన మాటకే కుంచె. మిగతాదంతా సాదా.

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు

ఫ్లెక్సీ సెంటర్లలో ఇప్పటికీ 'అను' ఫాంట్లదే రాజ్యం. అందం, రకాలు రెండూ వాటిలో ఉన్నాయి. కానీ పాత అను ఫాంట్లలో కొట్టిన మాటను వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి. అవి యూనికోడ్ పద్ధతిలో లేకపోవడమే కారణం. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ ఉంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లలో 'లక్కిరెడ్డి' చేతిరాత తరహాది, 'రవిప్రకాష్' శీర్షికలకు పనికొచ్చే లావుపాటిది. గూగుల్ ఫాంట్స్‌లో రెండూ ఉచితం. బోర్డుకైనా, పత్రికకైనా, అమ్మకపు సంచి మీదైనా వాడుకోవచ్చు. ఫాంటు ఫైలును మాత్రం విడిగా అమ్ముకోకూడదు. నెట్‌లో దొరికిందల్లా ఉచితమనుకోవద్దు, లైసెన్సు చదవండి.

ఫొటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. మీది పాత కూర్పయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి, మరీ పాతవాటిలో అది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ పేరుతో ఉంటుంది.

ఫాంటు వాడిన బోర్డును పట్టించేది ఒకే అక్షరం రెండుసార్లు రావడం. 'అమరాపురం'లో రెండు ర లు ఉన్నాయి. చేత్తో రాస్తే రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఫాంటులో పైన దీర్ఘం, తలకట్టు వేరైనా కింది గుండ్రాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. కాబట్టి మాటను కర్వ్స్‌గా మార్చి, రెండో ర తలకట్టును కాస్త సాగదీయండి, గుండ్రాన్ని కొంచెం వంచండి. రెండు నిమిషాల పని. బోర్డు మీద మనిషి చేయి పడ్డట్టు కనిపిస్తుంది.

మీ చేతిరాతనే ఫాంటుగా చేయాలనే కోరిక పుడితే మంచిదే, కానీ ముందు లెక్క చూసుకోండి. 36 హల్లులకు పన్నెండేసి గుణింతాలంటే 432 రూపాలు. వాటికి వత్తులు, అచ్చులు, అంకెలు అదనం. కుంచె రాతలో గుడి వచ్చినప్పుడు తలకట్టు పోతుంది, గీత లావు మారుతుంది, కాబట్టి ముక్కలు అతికించినట్టు కనబడకుండా చాలావాటిని విడివిడిగా గీయాల్సిందే. అందుకే మొదట ఫాంటు వద్దు, మాటలు చేయండి. కిరాణా, జనరల్ స్టోర్స్, మెస్, టైలర్స్, శుభాకాంక్షలు, స్వాగతం లాంటి యాభై మాటలు చేత్తో రాసి, ఫోన్‌తో ఫొటో తీసి, ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చి దాచుకోండి. అవి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. అక్షరమాల మొత్తం నిండాక ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగానే దొరుకుతుంది.

ఈ నెలలో చేయాల్సినవి

1. రోజూ అరగంట, పత్రిక కాగితం మీద. మొదటి వారం తలకట్లూ గుండ్రాలూ మాత్రమే. రెండో వారం 'మడకశిర'. మూడో వారం పక్క ఊళ్లు. నాలుగో వారం 'శ్రీ సత్యసాయి జిల్లా'.

2. ప్రతి ఆదివారం ఆ వారంలో రాసిన మొదటి కాగితం, చివరి కాగితం పక్కపక్కన గోడకు అంటించండి. ఇంకొకరి రాతతో పోల్చుకోవద్దు.

3. వీలైతే హిందూపురం మీదుగా లేపాక్షి వెళ్లి, వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల్లో నల్లటి అంచుగీతను చూడండి. కన్ను, ముక్కు, చీర అంచు, ఏ గీత ఎక్కడ లావై ఎక్కడ సన్నబడిందో గమనించండి. పదహారో శతాబ్దపు ఆ కుంచె దగ్గర నేర్చుకోవాల్సింది ఇప్పటికీ చాలా ఉంది.

4. ఎనామిల్ పని మొదలుపెట్టేటప్పుడు ఆషాఢ గాలులు లేని రోజు చూసుకోండి. మన మెట్టల దుమ్ము తడి రంగు మీద పడితే బోర్డంతా గరుకుకాగితం అవుతుంది.

5. రాసిన బోర్డును రోడ్డు అవతలికి వెళ్లి చూడండి. తర్వాత దాన్ని నెమ్మదిగా కూడబలుక్కుని చదివే మనిషి ఒకరికి చూపించండి. బాగుందా అని అడగొద్దు. ఏం రాసుందో చదవమనండి. ఎక్కడ తడబడితే అక్కడ దిద్దండి.

6. మొదటి బోర్డుకు డబ్బు తక్కువైనా తీసుకోండి, ఊరికే మాత్రం రాయొద్దు. ఊరికే రాసిన దాంట్లో తప్పులు ఎవరూ చెప్పరు. డబ్బిచ్చినవాడు చెబుతాడు, ఆ తప్పులు మీకు కావాలి.

ఆర్టిస్టులు బోర్డు మూలన చిన్నగా తమ పేరు రాసుకుంటారు. మీరూ రాయండి, కాకపోతే సాదా అక్షరాల్లో. జనం పైన పేరు చదివి అంగట్లోకి వెళ్తే యజమాని ఇచ్చిన డబ్బుకు మీరు న్యాయం చేసినట్టు. ఆ అంగట్లో నిలబడి "బోర్డు ఎవరు రాసినారు?" అని ఎవరైనా అడిగితే, అది రెండో బోర్డుకు అడ్వాన్సు.